మోడు తవ్విన ఆదివారం

"షిగె సాన్, దొరికింది!" అంది మసుయో, అవతల ఫోను ఎత్తగానే. పలకరింపు లేదు, ఎండలెలా ఉన్నాయన్న మర్యాదా లేదు. "మా పెరటి వెనకే! కాళ్ళరిగేలా కొండలన్నీ తిరిగాం, అదేమో నా వీపు వెనకే కాపరం పెట్టింది."

షిగెమిత్సు ఏదో నములుతున్నాడు. "ఏం దొరికింది?"

"ఆగస్టులో మనకేం దొరకాలండీ, పెళ్ళికొడుకా? గూడు! కందిరీగల గూడు! మా పాత చెస్ట్‌నట్ మోడు లేదూ, దాని తొర్రలోకి ఒకదాని తర్వాత ఒకటి దూరుతున్నాయి. పొద్దున్నుంచీ చూస్తున్నాను, నా కళ్ళతో."

షిగెమిత్సు నమలడం ఆపాడు.

"సరే. తాత్సుని వెంటబెట్టుకుని వస్తున్నా," అన్నాడు చివరికి.

జపానులోని ఆ మినో కొండల్లో నేలకందిరీగ అనగానే భయపడేవాళ్ళు తక్కువ, నోరూరేవాళ్ళు ఎక్కువ. ఎండాకాలంలో చిన్న గూడును నేలలోంచి తవ్వి తెచ్చి, పెరట్లో చెక్కపెట్టెలో పెట్టి, కోడి గుండెకాయలూ పంచదార నీళ్ళూ పోసి నవంబరు దాకా మేపుతారు. పెరిగాక లోపలి పిల్లపురుగుల్ని ఏరి, అల్లమూ సోయా వేసి ఉడికించి, వేడి అన్నంలో కలుపుకుంటారు. ఎవరి గూడు ఎంత తూగిందో చూసే పోటీ కూడా ఒకటుంది. ఆ రోజున తలలు నెరిసిన పెద్దమనుషులు పసిపిల్లల కన్నా అన్యాయంగా పోట్లాడుకుంటారు.

మేపడం తేలికే. గూడు దొరకడమే గండం. కందిరీగకి ఒక మాంసం ముక్క అందిస్తారు, ఆ ముక్కకి ప్లాస్టిక్ సంచిలోంచి కత్తిరించిన తెల్లటి పీలిక కట్టి ఉంటుంది. అది ముక్కను కరుచుకుని ఇంటిదారి పడుతుంది. మనుషులు తల పైకెత్తి, కింద గొయ్యి ఉందో గట్టు ఉందో చూడకుండా ఆ పీలిక వెంట పరుగెత్తుతారు. పరుగెత్తేవాళ్ళు ఎందరైనా ఉండొచ్చు. ఎర దగ్గర కూర్చుని, అది ఎటు మళ్ళిందో చెప్పే మనిషి మాత్రం జట్టుకి ఒక్కరే. ఆ మనిషిని "కన్ను" అంటారు. ముప్పై ఏళ్ళుగా షిగెమిత్సు జట్టుకి కన్ను మసుయోనే. ఆమె మొగుడు కియొసాకు ఆ జట్టులోనే పరుగెత్తేవాడు. "మా ఆవిడ రెండు కొండల అవతల పీలికను చూస్తుంది, ఇంట్లో నా చొక్కాకి ఊడిన బొత్తాం మాత్రం చూడదు," అని నలుగురిలో వేళాకోళం ఆడేవాడు. అతను పోయి తొమ్మిదేళ్ళయింది. మగవాళ్ళ జట్టులో విధవరాలు ఏమిటని ఎవరో అంటే షిగెమిత్సు కస్సుమన్నాడు. "కన్నుకి ఆడా మగా ఏమిట్రా, నీకుందా అలాంటిది?" అని నోరు మూయించాడు.

మసుయో ఇల్లు లోయలో అన్నిటికన్నా పైన, దారి ఆగిపోయే చోట ఉంది. ఆ ఇంటి దాకా వచ్చేది గురువారం నాటి సరుకుల బండి ఒక్కటే, జోరున వానొస్తే అదీ రాదు. నవంబరు పోటీ అయ్యాక మళ్ళీ జూలై దాకా ఆ తలుపు తట్టే దిక్కుండదు. రేడియోలో వార్తలు చదివేవాడితో ఆమె గొడవ పెట్టుకుంటుంది, వాడు జవాబు చెప్పడు. వేసవి మొదలయ్యాక ఆదివారం పొద్దున్నే కింద మలుపులో షిగెమిత్సు బండి హారను రెండుసార్లు మోగుతుంది. ఆ మోతలు ఏడాదికి పదిహేనో పదహారో. వాటిని నమ్ముకునే మిగతా మూడొందల యాభై రోజులూ ఆమె ఒంటరిగా గడుపుకొస్తోంది. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఒంటరితనం ఆమెను నిలువునా తినేస్తోంది. ఆ మాట మాత్రం ఆమె ముందు అనకండి, చీపురు తిరగేస్తుంది.

ఆ ఆదివారాలకే ఇప్పుడు ఎసరొచ్చింది. రెండేళ్ళ కిందట వసంతంలో ఆమె రెండు కళ్ళల్లోనూ నట్టనడుమ ఒక మరక మొదలైంది. చుట్టూ అంతా కనిపిస్తుంది, ఏది చూడాలని చూస్తే అదే కనిపించదు. పట్నంలో కంటి డాక్టరు చాలాసేపు దీపం వేసి చూసి, ఇది నయమయ్యేది కాదు, అలాగని పూర్తిగా చీకటీ కాదు, నడవడానికీ వండుకోవడానికీ ఢోకా లేదు అన్నాడు. "కందిరీగ కనిపిస్తుందా డాక్టరుగారూ?" అని అడిగింది మసుయో. ఆమె హాస్యమాడుతోందనుకుని ఆయన నవ్వాడు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కన్ను పోయిన కన్నుని ఎవరు పిలుస్తారు? గుడ్డి కన్నా మెల్ల నయం అన్నట్టు, చెవులతో కొంత, కంటి అంచులతో కొంత, ముప్పై ఏళ్ళ అలవాటుతో మిగతాదీ నెట్టుకొచ్చింది. కిందటేడు మూడు గూళ్ళు దొరికాయి కూడా. ఈ ఏడు ఏమైందో, జూలై గడిచిపోయినా ఒక్కటీ దొరకలేదు. పోటీకొచ్చే అవతలి జట్టు పెరట్లో అప్పటికే ఆరు పెట్టెలు గుయ్యిమంటున్నాయి. అందుకే ఆ ఆదివారం పొద్దున బట్టలారేస్తూ, మోడు దగ్గర చారల పొట్టలు ఎగరడం కంటి అంచున పడగానే ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

షిగెమిత్సు, తాత్సుజీ తొమ్మిదింటికల్లా దిగారు. షిగెమిత్సుకి డెబ్భై నాలుగు, టపా బట్వాడా చేసి చేసి లోయలో ప్రతి గడపా ఎరిగిన మనిషి. తాత్సుజికి అరవై ఒకటి, అంటే ఆ జట్టులో కుర్రాడు. ఎడమ మోకాలు అరిగిపోయి పట్టీ వేసుకుని తిరుగుతాడు.

"ఏదక్కా నీ నిధి?" అన్నాడు తాత్సుజి, వలముసుగు తగిలించుకుంటూ.

"మోకాలు జాగ్రత్తరా. తొర్రలో నువ్వు పడితే తీయడానికి ఇంకో జట్టు కావాలి."

షిగెమిత్సు మోడు పక్కన మోకాళ్ళ మీద వంగాడు. ఎండ మోడు మీద సూటిగా పడుతోంది. గాలిలో రెండు మూడు చారల పురుగులు ఒక్కచోటే నిలబడి రెక్కలాడిస్తున్నాయి, ఒకటి తొర్ర అంచు మీద వాలి లోపలికి పాకింది. ఆయన చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. తాత్సుజి కూడా పక్కన చేరి తొంగిచూశాడు.

"అరె, ఇవీ..." అని మొదలుపెట్టాడు తాత్సుజి.

"తాత్సూ," అన్నాడు షిగెమిత్సు. "పలుగు పట్రా."

"కానీ బాబాయ్..."

"పలుగు పట్రమ్మన్నానా లేదా?"

మసుయో నాలుగడుగుల వెనక చేతులు నలుపుకుంటూ నిలబడింది. ముందు పొగ పెట్టారు. తర్వాత తవ్వారు. వేళ్ళ చుట్టూ మన్ను తోడారు, మోడు పక్కను చీల్చారు, నానిన పుచ్చుకర్రను దోసిళ్ళతో ఎత్తి అవతల పోశారు. ఆగస్టు ఎండలో, వలముసుగుల్లో, దగ్గర దగ్గర గంట సేపు. ఇద్దరి చొక్కాలూ వీపులకి అతుక్కుపోయాయి. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, వీళ్ళకి ఆ ఎలుక కూడా దొరకలేదు.

"లేదా?" అంది మసుయో.

షిగెమిత్సు లేచి నడుం పట్టుకున్నాడు. "గూడు కట్టడం మొదలైతే పెట్టాయి. రాణి చచ్చిపోయినట్టుంది, నడిమధ్యలో ఆగిపోయింది. ఇదిగో, పొర." ఆమె అరచేతిలో కాగితంలాంటి పలుచటి ముక్క ఒకటి పెట్టాడు. "నువ్వు చూసింది తప్పేం కాదు మసుయో. మన తలరాత అంతే."

"చూశారా! నే చెప్పలా!" అంది మసుయో. గూడు దొరకలేదన్న దిగులు కన్నా, తన కన్ను తప్పలేదన్న సంబరం ఎక్కువైపోయింది. ఆ పొరను ఆప్రాను జేబులో దాచుకుంది. వాళ్ళకి అన్నం ముద్దలూ, ఉప్పులో ఊరేసిన దోసకాయా, చల్లటి బార్లీ టీ పెట్టింది. తాత్సుజి తల వంచుకుని తిన్నాడు. ఏమిట్రా మూగనోము అని వేళాకోళం చేసినా నవ్వలేదు. ఎండదెబ్బ అనుకుంది.

వాళ్ళు వెళ్ళాక, మధ్యాహ్నం గొయ్యి పూడ్చుదామని పార తీసుకుని వెళ్ళింది. మోడు ఒక పక్క పూర్తిగా తెరుచుకుపోయి ఉంది. పుల్లటి వాసన. పొగ పెట్టినా, చీల్చినా, ఆ చారల పురుగులు ఇంకా అక్కడే తచ్చాడుతున్నాయి. రాణి చచ్చి గూడే లేనప్పుడు ఇవి ఇంకా దేనికోసం తిరుగుతున్నట్టు? అలసిపోయి మోడు పక్కనే కూర్చుంది. ఒకటి వచ్చి ఆమె మణికట్టు మీద వాలింది.

కదల్లేదు. కుడుతుందని కాచుక్కూర్చుంది. అది కుట్టలేదు. తీరిగ్గా అటూ ఇటూ నడుస్తూ ఆమె చెమటను నాకుతోంది. కందిరీగకి అంత మర్యాద ఎక్కడిది? మసుయో రెండో చెయ్యి మెల్లగా తెచ్చి చటుక్కున మూసింది. గుప్పిట్లో గుయ్యిమంది గానీ, మంట లేదు.

రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తడిమింది. వేలకొద్దీ కందిరీగల్ని పట్టిన వేళ్ళు అవి, వాటికి మరకలేమీ పట్టలేదు. నడుము లేదు. కందిరీగకి దారమంత నడుముండాలి, దీనికి ఛాతీ, పొట్టా ఒకటే దుంగ. రెక్కలు పక్కకి ఒకటి చొప్పున రెండే, కందిరీగకి నాలుగు. తలంతా కళ్ళే. ఈగ. కందిరీగ చొక్కా తొడుక్కున్న ఉత్త పూల ఈగ.

చెయ్యి వదిలేసింది. అది ఎగిరి మళ్ళీ అదే చోట గాలిలో నిలబడింది. మసుయో వాళ్ళు తోడి పోసిన పుచ్చుకర్ర బురదలో వేళ్ళు పెట్టింది. మెత్తటి పురుగులు తగిలాయి, ఒకటి కాదు, అయిదారు. ఒక్కోదానికీ వెనక పొట్టి గొట్టంలాంటి తోక. ఎండకి అప్పుడే ముడుచుకుపోతున్నాయి. అంటే ఆ తల్లి ఈగలు తొర్రలోకి దూరింది గుడ్లు పెట్టడానికి. వాటి కాపరం అంతా ఆ తడి కుళ్ళులోనే.

జేబులోంచి ఆ పొర తీసి నలిపింది. కందిరీగ గూడు నలిపితే పొడి అవుతుంది. ఇది సాగింది. చెట్టు బెరడు మీది పొర.

అప్పుడు అర్థమైంది. షిగెమిత్సుకి అరవై ఏళ్ళుగా ఇదే పని. ఆయన అంత దగ్గరగా వంగి, ఈగనీ కందిరీగనీ పోల్చుకోలేకపోవడమా? వంగగానే తెలిసి ఉంటుంది. తాత్సుకీ తెలుసు, వాడు నోరు తెరిస్తే ఆయన పలుగు పట్రమ్మని మూయించాడు. తెలిసే గంట సేపు తవ్వారు. తెలిసే ఆ బెరడును చేతిలో పెట్టాడు. మరి కిందటేడు దొరికిన ఆ మూడు గూళ్ళు? ఆమె ఈశాన్యం అని చూపిస్తే వీళ్ళు ఈశాన్యానికే పరుగెత్తేవారు, గంట తర్వాత దక్షిణం వైపు నుంచి గూడుతో తిరిగొచ్చేవారు. "సరిగ్గా చెప్పావు మసుయో," అనేవాళ్ళు. చుట్టు తిరిగి వచ్చారు కాబోలు అనుకునేది. ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. దాని వెనకే కోపం. మీ జాలి తగలెయ్య, నన్నేమనుకున్నారు!

సాయంత్రం దాకా ఆ బురదనంతా చేతులతో ఎత్తి, పురుగులతో సహా మోడులో నింపింది. బావి నీళ్ళు నాలుగు బకెట్లు పోసింది. చీలిన పక్కకి పాత తలుపు చెక్క ఒకటి అడ్డం పెట్టి రాళ్ళు ఆనించింది. "నా మూలాన మీ కొంప కూలింది," అంది పైకే. ఎన్ని బతుకుతాయో ఆమెకు తెలియదు.

వారమంతా ఆలోచించింది. ఒక్కో పూట, అంతా తన భ్రమేనేమో, షిగెమిత్సు కళ్ళూ మసకబారాయేమో అనిపించేది. అలా అయితే ఎంత బాగుణ్ణు అనుకునేది, పాపం ఆయన కళ్ళ మీద ఎంత ఆశ పెట్టుకుందో చూడండి. ఆదివారం పొద్దున్నే హారను రెండుసార్లు మోగింది. మసుయో టోపీ పెట్టుకుని, టీ ఫ్లాస్కు భుజాన వేసుకుని బండెక్కింది. ఒక్కసారి పరీక్షించి చూడాలి, అంతే.

యహాగి ఏటి పాయ పక్కన ఎర పెట్టారు. కందిరీగలు వాసన పట్టి వచ్చాయి. తాత్సుజి పీలిక కట్టిన ముక్కను పుల్ల చివర అందించాడు. కాసేపటికి రెక్కల మోత బరువెక్కింది, అంటే ముక్క ఎత్తుకుంది. ఆ మోత మసుయో ఎడమ చెవి పక్కగా సాగి, ఏరు దిగే వైపు వెళ్ళిపోయింది. చెవులకి అనుమానమే లేదు.

"ఎటు మసుయో?" అన్నాడు షిగెమిత్సు.

మసుయో చెయ్యెత్తి కుడివైపు, ఏటికి అడ్డంగా అవతలి గట్టు చూపించింది. నిలువునా రాళ్ళ గట్టు, దాని మీద నడుమెత్తు వెదురుగడ్డి. కందిరీగ మాట అటుంచి, మేక కూడా ఆ దారి పట్టదు.

"అటు!" అంది. "పీలిక కనిపిస్తోంది, పైకి పోతోంది, పరుగెత్తండి!"

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు.

"అదుగో, అటే," అన్నాడు షిగెమిత్సు. "పద తాత్సూ."

ఇద్దరూ నీళ్ళలోకి దిగారు. బూట్లలో నీళ్ళు గుబగుబలాడాయి. తర్వాత రాళ్ళు జారిన చప్పుడు, వెదురుగడ్డి విరిగిన చప్పుడు. "కనిపిస్తోందక్కా!" అని తాత్సుజి పైనుంచి అరిచాడు. "పీలిక తెల్లగా మెరుస్తోంది! బాబాయ్, కొంచెం ఎడమకి!" "ఆఁ, చూశా, చూశా!" అని షిగెమిత్సు జవాబు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి రొప్పుతూ, లేని పీలికను చూశానని కొండకి వినిపించేలా అరుస్తున్నాడు. మసుయో ఎర పుల్ల పట్టుకుని బండ మీద కూర్చుంది. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. అంతలో దబ్బుమని పెద్ద చప్పుడు, తాత్సుజి "అమ్మా!" అన్నాడు, తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు.

అరగంటకి తిరిగొచ్చారు. తాత్సుజి కుంటుతున్నాడు. దగ్గరికొచ్చి కూలబడ్డప్పుడు పచ్చి నెత్తురు వాసన వేసింది.

"కొద్దిలో తప్పించుకుందక్కా," అన్నాడు. "ఇంకో పది బారలు పోతే పట్టేసేవాళ్ళం."

"కాలు చూపించు."

"ఏం లేదులే, గీరుకుంది."

మసుయో తడిమి చూసింది. పట్టీ చిరిగిపోయింది, మోకాలు దోసకాయంత వాచింది. పరీక్ష పెట్టింది తను, చీరుకుపోయింది వీడి కాలు. మెడలో తువ్వాలు తీసి, ఏట్లో తడిపి కట్టింది.

"షిగె సాన్," అంది. "పోయిన ఆదివారం నా మోడులో ఉన్నవేమిటి?"

"చెప్పాగా, రాణి..."

"నేను చేత్తో పట్టుకుని చూశాను."

షిగెమిత్సు బండ మీద కూర్చున్నాడు. టోపీ తీసి దులిపిన చప్పుడైంది. "ఈగలు," అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"వంగగానే."

"మరి గంట సేపు ఎందుకు తవ్వారు?"

తాత్సుజే అన్నాడు, "నువ్వు వెనక నిలబడి ఉన్నావు కదక్కా."

మసుయోకి ఏడుపు తన్నుకొచ్చింది. దిగమింగింది. "ఎన్నాళ్ళ నుంచి మోస్తున్నారు నన్ను?"

"మోయడమేమిటే, పిచ్చి మాటలు," అన్నాడు షిగెమిత్సు.

"కిందటేటి గూళ్ళు?"

"రెండు మేం వెతికినవే," అన్నాడు తాత్సుజి. "మూడోది నీదే అక్కా. ఒట్టు. నువ్వు చూపించిన చోటే దొరికింది."

వాడి మాట నమ్మాలని మసుయోకి ఎంతగానో ఉంది. ఆ వెదురుగడ్డిలో కనిపించని పీలికను చూశానని అరిచిన నోరే ఇప్పుడు ఒట్టు వేస్తోంది. ఆ ఒట్టును ఏం చేసుకోవాలో ఆమెకు తోచలేదు.

"నాకు కనిపించడం లేదు," అంది. రెండేళ్ళుగా లోపల నొక్కిపెట్టిన మాట, ఇంత చిన్నదా అనిపించింది. "నడుమ అంతా మరక. నయం కాదన్నారు. పీలికా కనిపించదు, కందిరీగా కనిపించదు. ఇందాకటిది ఏరు దిగువకి పోయింది, చెవులతో విన్నాను. కావాలనే గట్టు వైపు చూపించాను. నీ కాలు నా మూలానే పోయిందిరా తాత్సూ."

"కాలు పోలేదక్కా, ఉంది."

ఎవరూ నవ్వలేదు. మసుయో ఫ్లాస్కు మూత తీసి రెండు గ్లాసుల్లోకి టీ వంచింది. వేలు లోపల పెట్టి నిండిందో లేదో చూసుకుంటూ, వాళ్ళ ముందు దాచాల్సిన పని లేకుండా వంచింది. గ్లాసులు అందించాక అంది, "వచ్చే ఆదివారం నుంచి నన్ను పిలవకండి. ఇంకో కన్నుని చూసుకోండి. నవంబరు దగ్గర పడుతోంది, పెట్టెలు ఖాళీగా ఉన్నాయి."

అనేసి ఆగింది. అదేం మాట మసుయో, నువ్వు లేకుండా ఎలా అని షిగెమిత్సు కస్సుమంటాడని చూసింది. ఊరికే కూర్చోవడానికైనా రా అక్కా, టీ ఎవరు పోస్తారు అని తాత్సు అంటాడని చూసింది. ఎవరో ఒకరు ఒక్క మాట అంటే చాలు, మొదట బెట్టు చేసి, తర్వాత ఒప్పేసుకుందామనుకుంది. ఏటి నీళ్ళు పారుతున్నాయి. ఒకరు టీ గుటక వేశారు. ఎవరో గొంతు సవరించుకున్నారు, మాట మాత్రం రాలేదు.

వాళ్ళు బాధపడుతున్నారా, లేక హమ్మయ్య అనుకుంటున్నారా? అదొక్కటి తెలిస్తే చాలనిపించింది ఆమెకి. తల ఎత్తి ఇద్దరి వైపూ సూటిగా చూసింది. పక్కన రాళ్ళు కనిపించాయి, మెడలో తువ్వాళ్ళు కనిపించాయి, గ్లాసులు పట్టుకున్న చేతులు కనిపించాయి. ముఖాలు ఉండాల్సిన చోట మరక ఉంది. ఎంతసేపు చూసినా అదే ఉంది.